జనంతో కలిసి వ్యాధి నిఘా పెట్టడం ఎలా?

ఏదైనా రోగం ప్రబలుతున్నప్పుడు ఆ సంగతి ఆస్పత్రికంటే ముందు చుట్టుపక్కలవాళ్లకు తెలుస్తుంది. ఒకే తరగతిలో ఐదారుగురు పిల్లలు రాకపోతే టీచరు గమనిస్తారు. విరేచనాల మందులు ఒక్కసారిగా ఎక్కువగా అమ్ముడుపోతే మందుల షాపువాళ్లకు అర్థమవుతుంది. వారంలో మూడు చావులు చూసిన వీధికి వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. అదే సంగతి ఆస్పత్రి రిజిస్టరుకెక్కి, అక్కడి నుంచి పై ఆఫీసుకు చేరేసరికి వారమో పది రోజులో గడిచిపోతాయి. ఆ ఆలస్యాన్ని తగ్గించడానికే జనం మధ్య నిఘా పెట్టుకోవడం.

ఆరోగ్య కార్యకర్తలు, స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసేవాళ్లు, ప్రజారోగ్య పరిశోధనలోకి కొత్తగా వచ్చినవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ప్రభుత్వ నిఘా వ్యవస్థకు పోటీగా ఇంకోటి పెట్టమని చెప్పడం లేదు. దాని దాకా కబురు త్వరగా చేరే దారి వేయమంటున్నాను, అంతే.

ఒక మాట ముందే చెప్పాలి. ఇలాంటి ఏర్పాట్లు చాలాచోట్ల హడావుడిగా మొదలై ఏడాది తిరక్కుండానే చల్లబడిపోతాయి. ఫోన్లు లేకో, ఫారాలు అయిపోయో ఆగిపోయేవి తక్కువ. కబురు పైకి వెళ్తుంది, జవాబు కిందికి రాదు. చెప్పిన మనిషికి "నువ్వు చెప్పావు కాబట్టి ఇది చేశాం" అని ఎవరూ తిరిగి చెప్పరు. రెండుసార్లు అలా జరిగాక మూడోసారి అతను చెప్పడు. కాబట్టి కింద చెప్పే ప్రతి పనిలోనూ ఆ జవాబు ఎవరు, ఎప్పుడు, ఎలా చెబుతారో ముందే రాసిపెట్టుకోండి.

1. ఏం వెతకాలో తేల్చుకోండి, అదీ కొద్దిగానే

మొదటి సమావేశంలో అందరూ తలో రోగం పేరు చెబుతారు. జాబితా ఇరవైకి చేరుతుంది. ఐదారు దాటనివ్వకండి. అంతకంటే ఎక్కువైతే గుర్తుపెట్టుకునేవాళ్లు ఉండరు.

ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అన్నదానికి మూడు ప్రశ్నలు వేసుకుంటే చాలు. ఇది త్వరగా అంటుకుని చాలామందిని పడేసే రోగమా, లేక ఒక్క కేసు వచ్చినా ప్రమాదమా? డాక్టరు కానివాళ్లు చూసి అనుమానించగలిగే లక్షణాలు ఉన్నాయా? కబురు వచ్చిన రోజున మీరు చేయగలిగింది ఏమైనా ఉందా? మూడోదే అసలు ప్రశ్న. మందు, టీకా, నీళ్ల శుద్ధి, ఆస్పత్రికి తరలింపు, కనీసం ఒక మనిషి వెళ్లి చూడటం... ఏదీ మీ చేతిలో లేకపోతే ఆ రోగాన్ని జాబితాలో పెట్టకండి. స్పందించలేని దాని గురించి రోజూ అడిగి తెలుసుకోవడం జనాన్ని ఆటపట్టించడమే.

రోగాల పేర్లతో పాటు "వింత సంఘటన" అని ఒక గడి తప్పకుండా ఉంచండి. ఒకే ఇంట్లో లేదా ఒకే చోట పనిచేసేవాళ్లలో కొన్ని రోజుల తేడాతో ఒకేలా జబ్బుపడటం, కారణం తెలియని చావులు, పశువులో పక్షులో కుప్పలుగా చనిపోవడం ఈ గడిలోకి వస్తాయి. 1998–99లో మలేసియాలో నిపా వైరస్ మొదటిసారి బయటపడ్డప్పుడు మనుషులతో పాటు పందులూ జబ్బుపడ్డాయి. కొత్త రోగానికి అప్పటికి పేరే ఉండదు. పేర్ల జాబితా ఎంత బాగున్నా అలాంటిది దొరకదు.

2. ముందు వినండి

మ్యాపు, ఫారం, టీషర్టు పట్టుకుని వెళ్లే ముందు ఖాళీ చేతులతో వెళ్లండి. ఈ పనికి రెండు మూడు వారాలు పట్టినా నష్టం లేదు. తెలుసుకోవాల్సినవి ఇవి: ఒంట్లో బాగోకపోతే మొదట ఎవరి దగ్గరికి వెళ్తారు? ఎవరి మాట వింటారు? గతంలో ఎవరైనా సర్వేకి వచ్చారా, వచ్చి ఏం చేశారు? చివరి ప్రశ్నకు వచ్చే జవాబు చాలాసార్లు ఇబ్బందిగానే ఉంటుంది. "రక్తం తీసుకెళ్లారు, రిపోర్టు ఇవ్వలేదు" అంటారు. ఆ పని మీరు చేసింది కాకపోయినా ఆ లెక్క మీ ఖాతాలోనే పడుతుంది. వాదించకుండా వినండి. మీరు ఏం చేయలేరో ఆ రోజే స్పష్టంగా చెప్పండి.

పెద్దమనుషులతో మాట్లాడితే అందరితో మాట్లాడినట్టే అనుకోకండి. ఆడవాళ్లతో విడిగా, వలస వచ్చి పనిచేస్తున్నవాళ్లతో విడిగా, అంచున విడిగా బతికే ఇళ్లవాళ్లతో విడిగా కూర్చోండి. రోగాలు తరచూ మొదలయ్యేది కూడా ఎవరూ అడగని ఆ ఇళ్లలోనే.

ఇలా వినడం మర్యాద కోసం చేసే పని అనుకుంటే పొరపాటు. 2014–16లో పశ్చిమాఫ్రికాలో ఎబోలా వచ్చినప్పుడు 28,600 మందికి పైగా జబ్బుపడ్డారు, 11,300 మందికి పైగా చనిపోయారు. చనిపోయినవాళ్ల శరీరాన్ని తాకితే రోగం అంటుకుంటుంది కాబట్టి, మొదట్లో పూర్తిగా సూట్లు తొడుక్కున్న బృందాలు వచ్చి శవాలను తీసుకెళ్లిపోయేవి. కుటుంబానికి చివరి చూపు కూడా ఉండేది కాదు. దాంతో జనం రోగుల్ని దాచారు, చావుల్ని దాచారు. కొన్నిచోట్ల బృందాల మీద దాడులూ జరిగాయి. మత పెద్దలతో మాట్లాడి, 2014 నవంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఖననం పద్ధతిని మార్చింది. కుటుంబసభ్యులు సురక్షిత దూరంలో ఉండి ప్రార్థన చేసుకోవచ్చు, మృతదేహానికి ఏం తొడగాలో చెప్పొచ్చు, సమాధి ఎక్కడో తెలుసుకోవచ్చు. వైరస్ మారలేదు, శాస్త్రం మారలేదు. అడిగే పద్ధతి మారింది.

స్థానికులు తోడుంటే పరిశోధన కూడా మెరుగవుతుంది. 1854లో లండన్‌లోని సోహోలో కలరా వచ్చినప్పుడు బ్రాడ్ స్ట్రీట్ పంపు నీళ్ల వల్లే అని డాక్టరు జాన్ స్నో చెప్పడం చాలామందికి తెలుసు. అక్కడి చర్చిలో పనిచేసే హెన్రీ వైట్‌హెడ్ సంగతి తక్కువమందికి తెలుసు. ఆయనకు స్నో మాట నమ్మబుద్ధి కాలేదు. తప్పని నిరూపించడానికే ఇంటింటికీ తిరిగాడు. ఆ ఇళ్లన్నీ ఆయనకు తెలిసినవే కాబట్టి తలుపులు తెరిచారు, నాలుగైదు సార్లు వెళ్లినా విసుక్కోలేదు. చివరికి పంపు పక్కింట్లోనే అందరికంటే ముందు జబ్బుపడ్డ పసిబిడ్డ సంగతి ఆయనకే దొరికింది. ఆ బిడ్డ గుడ్డలు ఉతికిన నీళ్లు పంపు బావికి ఆనుకున్న మురుగు గుంతలోకి పోశారు. స్నో వాదనకు లోటుగా ఉన్న ముక్క అదే. మీ పనిని అనుమానించే స్థానికుడు ఎవరైనా ఉంటే దూరం పెట్టకండి, వెంట తీసుకెళ్లండి.

3. కేసు అంటే ఏమిటో జనం మాటల్లో రాసుకోండి

డాక్టర్లు వాడే కేసు నిర్వచనం వేరు, వాలంటీరు చేతిలో ఉండాల్సిన నిర్వచనం వేరు. వాలంటీరుది ఒక్క వాక్యంలో ఉండాలి, కంటికి కనిపించేదై ఉండాలి. నమూనాకు కొన్ని:

కలరా అనుమానం: రెండేళ్లు దాటిన ఎవరికైనా నీళ్లలా విరేచనాలు అవుతూ, కళ్లు లోపలికి పోయి, నీరసంతో లేవలేకపోతే.

తట్టు అనుమానం: జ్వరంతో పాటు ఒంటి మీద ఎర్రటి దద్దుర్లు లేస్తే.

పోలియో అనుమానం: 15 ఏళ్ల లోపు పిల్లల్లో ఉన్నట్టుండి కాలో చెయ్యో పట్టు తప్పి మెత్తబడిపోతే.

ఇవి కావాలనే వదులుగా రాసినవి. తట్టు కాని దద్దుర్లు కూడా ఈ వలలో పడతాయి, పడనివ్వండి. జల్లెడ పట్టాల్సింది తర్వాతి అంచెలో ఉన్నవాళ్లు. మీ వాలంటీర్లు పంపిన కబుర్లన్నీ నిజమే అవుతున్నాయంటే సంతోషించాల్సిన పని లేదు. వాళ్లు బాగా ఖాయం చేసుకున్నాకే చెబుతున్నారన్నమాట, అంటే ఆలస్యంగా చెబుతున్నారు.

నిర్వచనాన్ని గదిలో కూర్చుని రాసి పంచకండి. పది మందిని కూర్చోబెట్టి, ఇలాంటి జబ్బును మీరేమంటారు, ఎలా గుర్తుపడతారు అని అడగండి. ఒక్కో చోట ఒక్కో పేరు ఉంటుంది. రెండు మూడు జబ్బులకు కలిపి ఒకే పేరు ఉన్నా ఉండొచ్చు. ఆ పేర్లను నిర్వచనం పక్కనే రాసుకోండి. తర్వాత అక్కడ లేని ఇంకో ఐదుగురికి చదివి వినిపించి, వాళ్ల మాటల్లో తిరిగి చెప్పమనండి. తడబడిన చోట మీ వాక్యం బాగాలేదని అర్థం.

బొమ్మ ఉంటే ఇంకా మంచిది. మశూచి నిర్మూలన రోజుల్లో ఇంటింటికీ తిరిగే కార్యకర్తలు మశూచి పొక్కులున్న పిల్లాడి ఫొటో కార్డు పట్టుకుని, "ఇలాంటిది ఎక్కడైనా చూశారా?" అని అడిగేవారు. 1975లో బంగ్లాదేశ్‌లోని భోలా దీవిలో ప్రాణాంతకమైన రకం మశూచి చివరి కేసు గురించి అధికారులకు చెప్పింది ఎనిమిదేళ్ల అమ్మాయి. పిల్లలకు కూడా అర్థమయ్యేలా ప్రశ్న ఉండాలంటే ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

ప్రయోగశాలలో తేలినవి "నిర్ధారిత కేసులు", లక్షణాలను బట్టి పట్టుకున్నవి "అనుమానిత కేసులు". రెండిటినీ ఒకే వరుసలో కలిపి లెక్కపెట్టకండి. నిర్వచనాన్ని మధ్యలో మార్చాల్సి వస్తే మార్చిన తేదీ రాసిపెట్టండి. లేకపోతే కేసులు పెరిగినట్టు కనిపించింది రోగం వల్లనా, మీ కొత్త వాక్యం వల్లనా అన్నది ఎవరికీ తెలియదు.

4. ఎవరు చెబుతారు

చదువుకున్నవాళ్లు, చురుగ్గా ఉండేవాళ్లు అని వెతకడం మామూలే. నేనైతే రోజూ పది ఇళ్లు తిరిగే పని ఉన్నవాళ్లను ముందు చూస్తాను. అక్షరాలు రాకపోయినా ఫోన్ చేయగలరు కదా. ఒక్కో వాలంటీరుకు కాలినడకన తిరగగలిగినన్ని ఇళ్లే ఇవ్వండి. ఎంపిక మీరు చేయకండి, అక్కడివాళ్లను చేయమనండి. ఇద్దరిని ఎంచుకుంటే ఒకరు ఊరెళ్లినా పని ఆగదు.

వీళ్లు కాక, అడిగితే చెప్పేవాళ్లు ఇంకొందరు ఉంటారు: టీచర్లు, మందుల షాపులవాళ్లు, నాటువైద్యులు, మంత్రసానులు, శ్మశానంలో పనిచేసేవాళ్లు. ఫారాలు ఇచ్చి వీళ్లను బెదరగొట్టకండి. నంబరు ఒకటి ఇచ్చి, వారానికోసారి మీరే పలకరించండి. 1966 చివర్లో నైజీరియా తూర్పు ప్రాంతంలో మశూచి వచ్చినప్పుడు టీకాలు అందరికీ సరిపోవని తెలిసి, అమెరికా డాక్టరు విలియం ఫేగీ బృందం అక్కడి మిషనరీల రేడియోలను వాడుకుంది. ఏ ఊళ్లో కేసులున్నాయో వాళ్లు మనుషుల్ని పంపి కనుక్కుని చెప్పారు. కేసులున్న చోట, వాటి చుట్టుపక్కల మాత్రమే టీకాలు వేశారు. అందరికీ వేయకుండానే రోగం ఆగింది. ఉన్న అల్లికను వాడుకోవడం అంటే అదే.

డబ్బు సంగతి దాటవేయకండి. వాలంటీరు అన్నంత మాత్రాన ఫోన్ ఖర్చు, దారి ఖర్చు, పోయిన కూలి వాళ్లే భరించాలని లేదు. ఖర్చు తిరిగివ్వడం కనీస పని. కేసుకు ఇంత అని ఇవ్వడం మాత్రం జాగ్రత్తగా ఆలోచించాలి. రోగం దాదాపు మాయమైపోయి, చివరి ఒకటీ అరా కేసుల కోసం వెతికేటప్పుడు బహుమానం బాగా పనిచేస్తుంది. మశూచిలో, నారికురుపులో (తాగే నీళ్ల ద్వారా ఒంట్లోకి చేరే పురుగు జబ్బు) పనిచేసింది కూడా. రోజూ కనిపించే విరేచనాలకు అలా ఇస్తే మీకు కేసులు కుప్పలుగా వస్తాయి, రోగులు మాత్రం కనిపించరు.

5. కబురు నడిచే దారి

సందేశంలో ఐదు విషయాలు చాలు: ఏమైంది, ఎక్కడ, ఎంతమందికి, ఎప్పుడు మొదలైంది, ఎవరైనా చనిపోయారా. పేర్లు అక్కర్లేదు. దీన్ని చెప్పడానికి రెండు నిమిషాలకు మించి పడుతోందంటే ఫారం కుదించండి. యాప్ ఉంటే బాగుంటుందని ఎవరో ఒకరు అంటారు. మామూలు ఫోన్ కాల్‌తో మూడు నెలలు నడిపి చూశాక యాప్ గురించి మాట్లాడుకోవచ్చు. సిగ్నల్ లేనిచోట, ఛార్జింగ్ లేనిచోట ఏం చేయాలో మాత్రం మొదటి రోజే తేల్చండి.

కబురు అందుకునే మనిషి ఒకరే ఉండాలి, వాళ్లకు బదులు ఇంకొకరు ఉండాలి. వచ్చిన ప్రతి కబురునూ, అది గాలివార్త అయినా సరే, ఒక పుస్తకంలో ఎక్కించాలి: వచ్చిన తేదీ, సమయం, ఎవరు చెప్పారు, ఎవరు వెళ్లి చూశారు, ఏం తేలింది, చెప్పినవాళ్లకు తిరిగి ఎప్పుడు చెప్పారు. చివరి గడి ఖాళీగా ఉన్నంతవరకు ఆ వరుస మూసినట్టు కాదు.

వారానికోసారి "ఏమీ లేదు" అన్న రిపోర్టు కూడా తెప్పించుకోండి. ఫోన్ రాలేదంటే రోగం లేదనా, వాలంటీరు లేడనా? రెండూ బయటికి ఒకేలా ఉంటాయి. సున్నా అని చెప్పిన చోటు వేరు, చెప్పకుండా ఊరుకున్న చోటు వేరు. మ్యాపులో రెండిటికీ రెండు రంగులు వేయండి.

వేగానికి కొలమానం కావాలంటే 2021లో ప్రతిపాదించిన 7-1-7 లెక్క ఉపయోగపడుతుంది. రోగం తలెత్తాక 7 రోజుల్లో పసిగట్టాలి, 1 రోజులో అధికారులకు చెప్పాలి, ఆ తర్వాతి 7 రోజుల్లో మొదటి చర్యలు పూర్తవ్వాలి. ప్రతి సంఘటన ముగిశాక ఈ మూడు అంకెలూ రాసుకుంటే మీ దారిలో కబురు ఎక్కడ కూర్చుండిపోతోందో కనిపిస్తుంది.

6. వెళ్లి చూడటం

కబురు వచ్చిన 24 గంటల్లో ఎవరో ఒకరు, కనీసం ఫోన్‌లోనైనా, విచారించాలి. చూడాల్సింది రెండే: లక్షణాలు నిజంగా నిర్వచనానికి సరిపోతున్నాయా? ఇది మామూలుగా ఈ కాలంలో ఇక్కడ ఉండేదానికంటే ఎక్కువా? రెండో ప్రశ్నకు జవాబు కావాలంటే పోయిన ఏడాది ఇదే నెలల లెక్క మీ దగ్గర ఉండాలి. లేకపోతే ఆస్పత్రి పాత రిజిస్టర్లు తిరగేయండి.

ఉత్తిదే అని తేలితే చెప్పినవాళ్ల ముందు నవ్వకండి, విసుక్కోకండి. "చెప్పి మంచి పని చేశారు, ఇది అది కాదు, ఫలానాది" అని చెప్పి రండి.

7. నిజంగానే ప్రబలితే

ముందు అధికారిక ఆరోగ్య వ్యవస్థకు చెప్పండి. పరిశోధన ఆసక్తి ఎంత ఉన్నా రోగులకు చికిత్స అందించడం, ముప్పు ఉన్న నీళ్లో తిండో ఆపడం ఆగకూడదు. ల్యాబ్ ఫలితం వచ్చేదాకా క్లోరిన్ కలపకుండా కూర్చున్న బృందాలను చూస్తే ఎవరికైనా టెన్షన్ వస్తుంది.

తర్వాత లైన్ లిస్టు. ఒక్కో రోగికి ఒక్కో వరుస: నంబరు, వయసు, ఆడా మగా, ఉండే చోటు, లక్షణాలు, మొదలైన తేదీ, శాంపిల్ తీశారా, ఇప్పుడెలా ఉన్నారు. ఇందులో అన్నిటికంటే విలువైన గడి జబ్బు మొదలైన తేదీ. ఆస్పత్రికి వచ్చిన తేదీనో, మీకు తెలిసిన తేదీనో అందులో వేస్తే లిస్టు మొత్తం పాడవుతుంది. "సరిగ్గా గుర్తులేదు" అంటే జరిగిన సంగతులతో ముడిపెట్టి అడగండి: బడికి సెలవు వచ్చిన రోజుకు ముందా, తర్వాతా?

మొదలైన తేదీలను బట్టి రోజుకెన్ని కేసులో గళ్ల కాగితం మీద గడికో కేసు చొప్పున నిలువుగా పేర్చండి. కంప్యూటర్ అక్కర్లేదు. చప్పున లేచి చప్పున పడిపోతే అందరికీ ఒకేసారి ఒకే చోటు నుంచి అంటుకుని ఉండొచ్చు. కొంత విరామంతో అలలు అలలుగా వస్తుంటే మనిషి నుంచి మనిషికి పాకుతోందని అనుమానించాలి. పొదిగే కాలం, అంటే రోగం అంటుకున్నాక లక్షణాలు కనిపించేదాకా పట్టే సమయం, తెలిస్తే వెనక్కి లెక్కపెట్టి ఎప్పటి సంగతులు అడగాలో తేల్చుకోవచ్చు. కలరాకు కొన్ని గంటల నుంచి ఐదు రోజులు పడుతుంది. కామెర్లు తెచ్చే హెపటైటిస్ ఎ కి సగటున నాలుగు వారాలు. కామెర్లతో ఉన్న మనిషిని "నిన్న ఏం తిన్నారు?" అని అడగడం వృథా. నెల కిందటి సంగతి అడగాలి.

ఇక చాలామంది వదిలేసే పని: జబ్బు పడనివాళ్లను కూడా అడగండి. ఒక లెక్క చూడండి. 500 మంది ఉన్నచోట 49 మందికి విరేచనాలు పట్టుకున్నాయి. వాళ్లలో 36 మంది ఒకే పంపు నీళ్లు తాగారు, అంటే 73 శాతం. పంపే కారణం అని అప్పుడే అనేయొచ్చా? ఆ 500 మందిలో 365 మంది అదే పంపు నీళ్లు తాగేవాళ్లైతే అదీ 73 శాతమే, అప్పుడు పంపు మీద అనుమానానికి బలం లేదు. అలా కాకుండా ఆ పంపు వాడేది 240 మందే అనుకోండి. వాళ్లలో 36 మంది అంటే 15 శాతం. వాడని 260 మందిలో 13 మంది అంటే 5 శాతం. తాగినవాళ్లకు జబ్బు మూడు రెట్లు ఎక్కువ. ఇప్పుడు పంపు మీద అనుమానం గట్టిది. రోగుల గురించి మాత్రమే వివరాలు సేకరిస్తే ఈ రెండు పరిస్థితులకూ తేడా తెలియదు. మొత్తం ఎంతమంది ఉన్నారన్న లెక్క ముందే మీ దగ్గర ఉండాలని చెప్పేది ఇందుకే. జనాభా లెక్కల పుస్తకంలో లేని వలస కుటుంబాలను కూడా కలుపుకోండి.

పంపు వాడకపోయినా జబ్బుపడ్డ 13 మందిని వదిలేయకండి. వాళ్లు బడిలోనో పని చోటో అవే నీళ్లు తాగి ఉండొచ్చు. లెక్కకు అడ్డం పడుతున్నట్టు కనిపించే మనుషులతోనే ఎక్కువసేపు మాట్లాడాలి.

8. శాంపిళ్లు

వాలంటీర్లతో తీయించకండి, శిక్షణ ఉన్నవాళ్లే తీయాలి. చనిపోయిన పశువులనూ పక్షులనూ ఎవరూ చేత్తో ముట్టుకోకూడదు. విరేచనాల శాంపిల్ యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే తీస్తే మంచిది, దాని కోసం చికిత్స మాత్రం ఆపొద్దు. మొదటి కొన్ని కేసుల్లో రోగం ఏదో తేలాక అందరికీ పరీక్ష చేయనక్కర్లేదు. శాంపిల్ సీసా మీద నంబరు, లైన్ లిస్టులో నంబరు ఒకటేనా అని ఇద్దరు చూడాలి.

9. సమ్మతి, గోప్యత

ప్రబలిన రోగాన్ని ఆపడానికి చేసే విచారణ వేరు, దాన్నుంచి కొత్త విషయం తెలుసుకోవడానికి చేసే పరిశోధన వేరు. ఎక్కువ ప్రశ్నలు, ఎక్కువ రక్తం, తర్వాత వాడుకోవడానికి దాచిపెట్టే శాంపిళ్లు... ఇవి వచ్చాయంటే అది పరిశోధన. నైతిక సంఘం (ఎథిక్స్ కమిటీ) అనుమతి తీసుకోవాలి, మనిషి మనిషి దగ్గరా సమ్మతి తీసుకోవాలి. ఊరిపెద్ద ఒప్పుకోవడం ప్రతి ఒక్కరూ ఒప్పుకున్నట్టు కాదు.

కాగితం మీద సంతకం పెట్టించగానే సమ్మతి అయిపోదు. చెప్పాక, "మేం ఏం చేయబోతున్నామో మీకు అర్థమైనట్టు చెప్పండి" అని అడగండి. కాదంటే చికిత్సలో తేడా ఏమీ ఉండదని నోటితో చెప్పండి. అమెరికాలోని టస్కీగీలో 1932 నుంచి 1972 దాకా సుమారు 600 మంది నల్లజాతి పురుషుల మీద సిఫిలిస్ పరిశోధన చేశారు. వాళ్లలో 399 మందికి ఆ జబ్బు ఉంది. చికిత్స చేస్తున్నామని నమ్మించారు. పెన్సిలిన్ అందుబాటులోకి వచ్చాక కూడా ఇవ్వలేదు. పరిశోధకులను చూసి జనం తలుపు వేసుకుంటే వాళ్లకు తెలివి లేదనుకోకండి.

గోప్యత మామూలుగా తప్పిపోయేది వాట్సాప్ గ్రూపుల్లో. రోగి ఫొటో, ఇంటి ఫొటో, లైన్ లిస్టు స్క్రీన్‌షాట్ ఏదీ గ్రూపులో పెట్టకూడదని మొదటి రోజే రూలు పెట్టండి. చిన్న చోట పేరు తీసేసినా చాలదు. "ఫలానా వీధి, 70 ఏళ్లు, రిటైర్డ్ టీచరు" అంటే పేరు చెప్పినట్టే. పేర్లున్న పుస్తకం ఒక చోట, నంబర్లతో వివరాలున్న పుస్తకం ఇంకో చోట ఉంచండి. ఇళ్ల తలుపుల మీద గుర్తులు వేయకండి.

10. తిరిగి చెప్పడం

మొదట్లో అన్న మాట ఇక్కడికి వచ్చేసరికి పని రూపం తీసుకోవాలి. మూడు రకాల జవాబులు ఉంటాయి.

కబురు చెప్పిన మనిషికి: రెండు రోజుల్లో ఫోన్. "వెళ్లి చూశాం, ఇది తేలింది, ఇది చేశాం." తేలకపోతే, ఇంకా తేలలేదని చెప్పడానికి కూడా ఫోన్ చేయండి. నెలాఖరు పత్రం కంటే ఈ రెండు నిమిషాల కాల్‌కే విలువెక్కువ.

శాంపిల్ ఇచ్చిన మనిషికి: ఫలితం, దాని అర్థం, ఇక ఏం చేయాలి. వాళ్లకు విడిగా, వాళ్ల భాషలో. ల్యాబ్ నుంచి రావడం ఆలస్యమైతే ఆ మాటే చెప్పాలి.

అందరికీ: నెలకోసారి సమావేశం. గ్రాఫులు తెచ్చి పాఠం చెప్పకండి. అదే గళ్ల కాగితాన్ని గోడకు అంటించి, "ఈ వారం ఎందుకు పెరిగి ఉంటుంది?" అని వాళ్లనే అడగండి. ఆ వారం పైపు పగిలిందనో, ఏదో పెద్ద జనసమూహం కూడిందనో మీ ఫారంలో లేని సంగతి అక్కడ బయటపడుతుంది. ఏ సమాచారం వల్ల ఏ పని జరిగిందో చెప్పండి, జరగని పనులు కూడా చెప్పండి. "మూడు వారాల కింద పైపు సంగతి రాశాం, ఇంకా బాగుచేయలేదు" అని ఒప్పుకుంటే మీ మీద నమ్మకం తగ్గదు. దాచిపెడితే తగ్గుతుంది.

పత్రిక వ్యాసం, సెమినార్, పీహెచ్‌డీ ఏది రాసినా అచ్చుకు వెళ్లే ముందే అందులోని సంగతులు ఆ జనానికి చెప్పాలి. వాళ్ల గురించి వాళ్లు వార్తల్లో చదివి తెలుసుకోవాల్సి వస్తే మళ్లీ మీకు తలుపు తెరవరు.

11. మీ నిఘా పనిచేస్తోందా?

పోలియో నిఘాలో ఒక చక్కటి కిటుకు ఉంది. ఉన్నట్టుండి కాలు చెయ్యి మెత్తబడే జబ్బు పోలియో లేకపోయినా వేరే కారణాల వల్ల పిల్లల్లో వస్తూనే ఉంటుంది. అందుకని 15 ఏళ్ల లోపు పిల్లలు లక్ష మంది ఉన్నచోట ఏడాదికి కనీసం ఒక్కటైనా పోలియో కాని కేసు దొరకాలని లెక్క పెట్టుకున్నారు. ఒక్కటీ దొరకలేదంటే అక్కడ వెతికే మనుషులు లేరని అర్థం. దొరికిన కేసుల్లో 80 శాతం మందికైనా, కాలు పడిపోయిన 14 రోజుల్లోపు, కనీసం 24 గంటల తేడాతో రెండు మల శాంపిళ్లు తీసి ఉండాలన్నది ఇంకో కొలత. మీ జాబితాలోని రోగాలకు కూడా ఇలాంటి అంకె ఒకటి పెట్టుకోండి: మామూలు రోజుల్లో ఎన్ని ఉత్తి కబుర్లు రావాలి?

ఆర్నెల్లకోసారి చూడాల్సినవి ఇంకొన్ని. సున్నా రిపోర్టులతో కలిపి వారం వారం ఎంతమంది చెబుతున్నారు? కబురుకూ విచారణకూ మధ్య ఎన్ని గంటలు? తిరిగి చెప్పిన గడి ఎన్ని వరుసల్లో నిండింది? ఆస్పత్రిలో దొరికి, మీకు ఎవరూ చెప్పని కేసులు ఎన్ని? ఈ చివరిదానికి ఆస్పత్రి రిజిస్టరునూ మీ పుస్తకాన్నీ పక్కపక్కన పెట్టి చూడాలి. తప్పిపోయిన కేసులన్నీ ఒకే వైపు ఇళ్ల నుంచి వస్తే అక్కడ వాలంటీరు మారాలి, లేదా మీరు అక్కడికి అసలు వెళ్లలేదన్నమాట.

నారికురుపు నిర్మూలనలో ఈ కొలతల కాఠిన్యం కనిపిస్తుంది. దానికి టీకా లేదు, పురుగును చంపే మందూ లేదు. నీళ్లు వడకట్టుకోవడం, పురుగు బయటికి వస్తున్న మనిషిని చెరువులోకి దిగనివ్వకపోవడం, ఊరి వాలంటీరు రోజూ చూడటం, ఇలాంటి పనులే దారి. 1986లో ఏటా 35 లక్షల కేసులు ఉంటాయని అంచనా. 2021 నుంచి 2024 దాకా ప్రపంచం మొత్తం మీద ఏడాదికి 20 లోపే. పురుగు కనిపించిన 24 గంటల్లో కేసు పట్టుకోవాలి, గాలివార్తనైనా 24 గంటల్లో విచారించాలి. ఒక దేశానికి రోగం పోయిందన్న గుర్తింపు రావాలంటే కనీసం మూడేళ్లు వరుసగా సున్నా చూపించాలి. ఆ మూడేళ్లూ వెతుకుతూనే ఉన్నామని రుజువు చూపాలి కూడా.

వాలంటీర్లు అలసిపోతుంటే జాబితా తగ్గించండి. ఏడాదిపాటు ఒక్క చర్యకూ దారితీయని రోగాన్ని తీసేసి, ఎందుకు తీసేశారో నెలవారీ సమావేశంలో చెప్పండి.